లూపే కంచం ఖాళీ చేసినప్పుడల్లా

మూడేళ్ల కిందటి ఎండాకాలంలో జరిగిన సంగతి ఇది. అప్పుడే రాసిపెట్టుకోవాలనిపించింది గాని, నాకప్పటికి అక్షరాలు రావు. చిన్నప్పుడు తమ్ముళ్లు రైల్వే బడికి వెళ్తే నేను అమ్మ వెనకాల పొయ్యి దగ్గరికి వెళ్లాను. పోయినేడు మా వీధిలో ఉండే రిటైర్డ్ గార్డుగారి భార్య నన్ను కూర్చోబెట్టి పలక చేతికిచ్చింది. అరవై దగ్గరపడ్డాక తెలుగు రాయడం వచ్చింది.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో, కుదుదండ్ అనే పేట వైపు, నాకొక మెస్ ఉంది. మా ఆయన లోకో షెడ్‌లో రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక మొదలుపెట్టాను. కింద భోజనాలు, మేడ మీద అద్దె గదులు. మెస్ అంటే వంటే అనుకుంటారు చాలామంది. వడ్డన అంతకంటే కష్టం. ఎవరి కంచంలో ఏది అయిపోతోందో ఒక కన్ను వేసి ఉంచాలి. అడక్క ముందే మారు వెయ్యాలి. మారంటే రెండోసారి వడ్డించడం. అడిగించుకుని పెడితే అది హోటలే అవుతుందని మా అమ్మ అనేది.

ఆ ఎండాకాలం ఊరి బయట ఫ్యాక్టరీలో రైలు చక్రాలు చెక్కే కొత్త మిషను బిగించారు. దాన్ని నడిపి చూపించి అప్పగించడానికి మెక్సికో దేశం నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ఆ పనిని కమిషనింగ్ అంటారట. హోటల్ గదిలో ఒంటరిగా తోచక మా మేడ మీదికి మారింది. పేరు లూపే. పొట్టి మనిషి, నల్లటి జడ. చీర కడితే శ్రీకాకుళం పిల్ల అనుకోవాల్సిందే.

మొదటి వారం నాకు పండగలా ఉంది. మామిడికాయ పప్పు, వంకాయ కూర, చారు, ఏది వేసినా మెతుకు మిగల్చకుండా తినేది. కంచం ఖాళీ అవ్వగానే మారు వేసేదాన్ని. అదీ తినేది. మళ్లీ వేసేదాన్ని. "సూసి నేర్చుకోండిరా, అన్నం ఎలా తినాలో!" అని మిగతా వాళ్లను దెప్పేదాన్ని కూడా.

రెండో వారంలో ఆ పిల్ల రావడం తగ్గించేసింది. ఫ్యాక్టరీలో తిన్నానని చేత్తో సైగ చేసి మేడెక్కిపోయేది. మొహం పీక్కుపోయింది. కారం పడలేదు కాబోలనుకుని మిరపకాయలు తగ్గించేశాను. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో పనిచేసే సుధీర్ నా మెస్‌లో పాత మనిషి. ఊరుకుంటాడా!

"పిన్నీ, ఏటీ పప్పు? కారం ఏదీ? మాకేటైనా ఆపరేషన్లు అయినాయా?"

"ఆ పిల్ల కోసంరా. పాపం, తిననేకపోతంది."

"కారమా! నిన్న ఉత్త పచ్చిమిరపకాయ జామకాయలాగ కొరుక్కుని తిన్నాది పిన్నీ. నాను కళ్లారా సూసినాను."

మరైతే ఏమిటి? సుధీర్ ఇంగ్లీషులో కనుక్కుని వచ్చి చెప్పాడు. కడుపు బాగోలేదని, తన బదులు ఇంకొకరిని పంపమని కంపెనీకి చెప్పేసిందట. ఆడమనిషిని ఇన్‌ఛార్జిగా పంపడం వాళ్ల కంపెనీలో ఇదే మొదలట. మధ్యలో వెనక్కి వెళ్తే మళ్లీ పంపరని ఏడ్చిందట. నా అన్నం తిని ఒక పిల్ల ఉద్యోగానికి మచ్చ రావడమా!

ఆ సాయంత్రం మజ్జిగ పట్టుకుని మేడెక్కాను. సుధీర్‌ని కూడా లాక్కుపోయాను. లూపే ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడుతోంది. ఇక్కడ దీపాల వేళ, అక్కడ తెల్లవారింది. ఫోన్లో చూస్తే ఒక ఫ్యాక్టరీ గేటు. పొగగొట్టాల వెనక మొక్కా మోడూ లేని రాతి కొండ. గేటు పక్కన తోపుడుబండి, దాని మీద పెనం. ఒకావిడ మాట్లాడుతూనే వేళ్లతో రొట్టెలు తిప్పేస్తోంది. నైట్ డ్యూటీ దిగిన వాళ్లు చుట్టూ నిలబడి తింటున్నారు.

"అచ్ఛా! మీయమ్మదీ మెస్సేనా!" అన్నాను.

లూపే వాళ్ల ఊరు మాంటెరే. ఊరంతా ఉక్కు, మిషన్లు, షిఫ్టు బస్సులేనట. లూపే కూడా మొదట అదే గేటు లోపల వైర్లు కలిపే పనికి వెళ్తూ, సాయంత్రాలు చదువుకుని ఇంజనీరయిందట. పొద్దున వాళ్లమ్మ బండి దగ్గర తిని షిఫ్టుకి పరిగెత్తేదట.

సాటి వంటమనిషి కదా, సూటిగానే అడిగాను. "వదినా, నా వంటలో లోపమేటో సెప్పు. మీ గుంట తింటం మానేసినాది."

నా మాట సుధీర్ ఇంగ్లీషులో లూపేకి, లూపే వాళ్ల భాషలో తల్లికి చెప్పారు. తల్లి గరిట ఎత్తి ఏదో గద్దించింది. లూపే తల దించుకుని గొణిగింది. అంతే, ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, పెనం మీద రొట్టె మాడుతున్నా ఆపలేదు. ఆ నవ్వు చూసి లూపే కూడా నవ్వేసింది. ఏమిటో చెప్పమని సుధీర్‌ని గిల్లాను.

"పిన్నీ, వాళ్లింట్లో కంచంలో మెతుకు వదిలితే వండినావిణ్ని అవమానించినట్టంట. అందుకని నువ్వేసిందల్లా తినేసింది. ఖాళీ అయితే నువ్వు మళ్లీ ఏసేస్తావు. మళ్లీ తినేది. ఇంక కడుపులో సోటు నేక పారిపోతంది!"

"ఓలమ్మో! సెయ్యడ్డం పెట్టాల గదే తల్లీ!" అన్నాను.

చెయ్యి అడ్డం పెడితే చాలని, కంచంలో కాస్త వదిలినా ఎవరూ ఏమీ అనుకోరని ఆ పిల్లకు ఎవరు చెప్పారు గనక? మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చిన సైగ అది. సుధీర్ ఉత్త కంచం తెచ్చి, చెయ్యి ఎలా అడ్డం పెట్టాలో నేర్పాడు. అటు వాళ్లమ్మ కూడా నేర్చుకుంది. ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ నవ్వు ఆపి నాతో ఒక మాటంది. "పని పూర్తయ్యేదాకా దాన్ని పంపొద్దు. పూర్తి చేసే రావాలి." ఆ రాత్రే లూపే కంపెనీకి ఫోన్ చేసి, ఎవరినీ పంపొద్దని చెప్పింది.

వానలు పడ్డాక మిషను నడిపించి, అప్పగించి, అందరికీ మిఠాయిలు పంచి మరీ వెళ్లింది. ఇప్పుడు నా మెస్‌లో కొత్తగా ఎవరు చేరినా మొదటి పూటే చెబుతాను: కావాలంటే అడుగు, చాలంటే చెయ్యి పెట్టు. నాకు తెలిసింది అందరికీ తెలిసే ఉంటుందని అనుకోవడం మానేశాను.

ఆ ఫోన్ మాట్లాడిన మర్నాటి సంగతి కూడా చెప్పాలి. పొద్దున టిఫిను ఇడ్లీలు. లూపే కంచంలో ఒక్కటే వేసి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. తినేసింది. కంచం ఖాళీ. నా చేతులు ఎలా ఆగాయో నాకే తెలీదు. బల్ల చుట్టూ అందరూ మమ్మల్నే చూస్తున్నారు. లూపే నెమ్మదిగా తలెత్తి, ఒక వేలు చూపించి, సుధీర్ నేర్పిన తెలుగులో, "అమ్మా, ఇంకోటి" అంది.

నేను రెండు వేశాను. మూడోది వెయ్యబోతే కంచం మీద రెండు చేతులూ బోర్లించింది.