ఇరుకు గుహలో పొడవు కత్తి

2003లో కాకినాడలో ఓ ఆఫీసులో కొత్తగా చేరాను. ఆదివారం మధ్యాహ్నాలు మేనేజరు గారింట్లో కథలాట ఆడేవాళ్లం. ఆయన, నా తోటి ఉద్యోగి రమణ కథలో వీరులు. నేను కథ నడుపుతూ, పాచికలు చూసి, పోరులో ఎవరి దెబ్బ తగిలిందో తీర్పు చెప్పేవాణ్ణి.

ఆ రోజు ఇరుకు గుహలో మేనేజరు గారి వీరుడి మీద రాక్షసుడు పడ్డాడు. ఆయన పొడవాటి కత్తి తిప్పానన్నారు.

"రాక్షసుడి తల తెగిందండి" అన్నాను.

రమణ నావైపు అదోలా చూశాడు. "పోయిన వారం ఇదే గుహలో నా బల్లెం తిరగడానికి చోటు లేదన్నారు. నా వీరుడి చెయ్యి పోయింది. సారు కత్తికి చోటెక్కడిదండి?"

ఆ తీర్పు నాకు గుర్తుంది.

మేనేజరు గారు కళ్లజోడు తీసి, నావైపు తిరిగి, "మీ చెల్లెలి పెళ్లికి పెట్టిన లీవు కాగితం నా టేబుల్ మీదే ఉంది కదండి?" అన్నారు నెమ్మదిగా.

"ఉందండి." ఆ లీవు కోసమే ఆయన్ని గెలిపించానని ఆయన పసిగట్టేశారని సిగ్గేసింది. "కత్తి గోడకు తగిలిందండి. మీ వీరుడు పోయాడు."

ఆయన తలూపి, పాచికలు డబ్బాలో పెట్టేశారు.

మర్నాడే లీవు ఇచ్చారు. కానీ అక్కడ పనిచేసిన నాలుగేళ్లూ నేనిచ్చిన ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదివేవారు. అందుకు ఆయన్ని ఒక్కనాడూ తప్పుపట్టలేకపోయాను.