అబూ హమూర్‌లో పెదనాన్న చర్చిల యాత్ర

పెదనాన్న ఒకసారి ఇంగ్లండు వెళ్ళొచ్చారు. ఆ సంగతి తెలియనివాళ్ళు మా బంధువుల్లో లేరు. ఎవరైనా ఉంటే వాళ్ళు ఆయన పక్కన ఐదు నిమిషాలు కూడా కూర్చోలేదని అర్థం. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఎవరో పాత విద్యార్థి పిలిస్తే వెళ్ళి, అక్కడ ఒక ఊళ్ళో మధ్యయుగాల నాటి చర్చిలన్నీ కాలినడకన తిరిగి చూశారట. గైడు లేడు. చేతిలో ఒక మడత కాగితం, అందులో మ్యాపు, ఏ సందు తిరిగితే ఏ చర్చి వస్తుందో వరసగా అంకెలు. ప్రతి చర్చికీ తలుపులు తెరిచే ఉండేవట, లోపల పిట్ట కూడా ఉండేది కాదట. రాతి స్తంభాలు తడిమి, రంగు అద్దాలు చూసి, బాప్తిస్మపు తొట్టి ఏ శతాబ్దానిదో తేల్చుకుని, విజిటర్ల పుస్తకంలో సంతకం చేసి బయటికొచ్చేవారట. గుడిలో జనం లేకపోతేనే భక్తి కుదురుతుందని ఆయన అక్కణ్ణుంచి మోసుకొచ్చిన జ్ఞానం. జ్ఞానంతో పాటు ఒక ఉన్ని టోపీ కూడా మోసుకొచ్చారు. ఆ టోపీతోనే దోహాలో విమానం దిగారు, మే నెలలో.

ఆయన చుట్టపుచూపుగా రాలేదు. మా తమ్ముడి పెళ్ళి సంగతి తాడో పేడో తేల్చడానికి వచ్చారు.

తమ్ముడు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. సైటు మీద హెల్మెట్ లేకుండా ఎవడైనా కనబడితే నాలుగు భాషల్లో కేకలేస్తాడు. పెదనాన్న ముందు మాత్రం నోట్లో నాలుక లేనివాడు. నాన్న పోయాక వాడి చదువుకీ, మా ఇంటి మంచిచెడ్డలకీ పెదనాన్నే దిక్కయ్యారు, అది నిజం. ఆ నిజాన్ని ఆయన మమ్మల్ని ఒక్క పూటా మరిచిపోనివ్వలేదు, అదీ నిజమే.

వాడు ఇష్టపడిన పిల్ల అల్ ఖోర్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. వాళ్ళ ఊరు మా ఊరికి కాలవ అవతల. కాలవకి ఇటు మేము లూథరన్ వాళ్ళం, అటు వాళ్ళు ఆర్.సి.ఎం., అంటే రోమన్ కేథలిక్ వాళ్ళు. చిన్నప్పుడు క్రిస్మస్‌కి మా గుడి మీద మైకు కడితే, వాళ్ళు అంతకంటే పెద్ద మైకు తెచ్చి మా వైపు తిప్పి కట్టేవాళ్ళు. కులం ఒకటే, కూర ఒకటే, యేసుప్రభువూ ఒక్కడే. పెళ్ళిళ్ళు మాత్రం కుదరవు. కాలవ మీద వంతెన ఉన్నా పిల్లనిచ్చి పుచ్చుకోడానికి ఎవరూ దాన్ని దాటలేదు. వీళ్ళిద్దరూ సముద్రం దాటొచ్చి ఇక్కడ కలుసుకున్నారు.

పెదనాన్న షరతు ఒక్కటే. పిల్ల మన సంఘంలోకి మారాలి. మారితే మన గుడిలో వరసగా మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన తానే దగ్గరుండి చదివిస్తారు. మారకపోతే ఆ పెళ్ళికి రారు, ఆ ఇంటి గడప తొక్కరు. పిల్ల మారనని తమ్ముడితో మొదటే చెప్పేసింది. మా వాడు ఏం చేశాడంటే, ఆవిడకేమో పెదనాన్న మెత్తబడుతున్నారని చెప్పాడు, ఈయనకేమో పిల్ల ఆలోచిస్తోందని చెప్పాడు. సేఫ్టీ ఆఫీసరు కదా, ఎవరికీ దెబ్బ తగలకుండా చూసుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

వచ్చిన రెండో రోజే పెదనాన్న ప్రకటించారు, దోహాలో చర్చిలన్నీ నడిచి చూస్తాననీ, గైడు అక్కర్లేదనీ, కాగితం తానే తయారుచేసుకున్నాననీ. ఫోన్లో ఉపగ్రహం తీసిన బొమ్మ చూసి, ఒక తెల్లకాగితం మీద ప్రహరీ గీసి, లోపలి కట్టడాలకి అంకెలు వేశారు. ఇక్కడ చర్చిలన్నీ ఊరి చివర అబూ హమూర్‌లో ఒకే ప్రహరీ లోపల ఉంటాయని, బయట ఎక్కడా శిలువ కనబడదని, అన్నీ నిన్నగాక మొన్న కట్టినవని చెప్పి చూశాను. చరిత్ర నీకేం తెలుసన్నట్టు నవ్వారు. ఆదివారం ఇక్కడ పనిదినం కాబట్టి జనమంతా శుక్రవారమే వస్తారు, ఆ రోజు వద్దు అని కూడా అన్నాను. తమ్ముడికి సెలవు శుక్రవారమే. పైగా ఆ రోజు పిల్ల కూడా అక్కడే ఉంటుంది, యాత్ర ముగిశాక పెద్దాయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు పరిచయం చేద్దామని మా వాడి పథకం. టోపీతో దిగిన పెదనాన్న ఫొటో ఆ పిల్ల చూసింది గానీ, ఆ పిల్ల ఎలా ఉంటుందో ఆయన ఎరగరు.

ఆ శుక్రవారం మా ఆయన మమ్మల్ని గేటు దగ్గర దింపి డ్యూటీకి వెళ్ళిపోయాడు. సెక్యూరిటీ అతను పెదనాన్న టోపీ తీయించి, తిరగేసి చూసి, యల్లా యల్లా, కదలండి అంటూ చేతికిచ్చాడు. ఇంగ్లండులో తన టోపీ ఎవరూ తీయమనలేదని ఆయన గొణిగారు. గుడిలోకి అడుగుపెట్టేటప్పుడు మగవాళ్ళు టోపీ తీస్తారని ఆయనకి అక్కడ చెప్పే మనిషి దొరకలేదు కాబోలు, లోపల ఎవరూ ఉండరు కదా.

ఒకటో నంబరు కట్టడం నిండా గదులు. ఒక్కో గదికీ ఒక్కో భాష, ఒక్కో టైము. పెదనాన్న గుమ్మంలో నిలబడ్డ ఫిలిప్పీన్స్ అమ్మాయిని పట్టుకుని, ఇది ఏ శతాబ్దపు నిర్మాణం అని ఇంగ్లీషులో అడిగారు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, ఈ శతాబ్దమే సార్ అంది. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు, ఏం రాసుకున్నారో ఆ దేవుడికే తెలియాలి. అక్కణ్ణుంచి తెలుగు వాళ్ళు పాడుకునే గదికి తీసుకెళ్ళాను. లోపల లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు అందరూ ఒకే పాట పాడుతున్నారు, బయట నేపాలీలు తమ వంతు కోసం గోడకి ఆనుకుని నిలబడ్డారు. తలుపు దగ్గర నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకాయన పెదనాన్నని చూసి లేచాడు.

"లోపలికి రా పెద్దయ్యా, కుర్సీ ఉన్నది, కూసో. జర్ర సేపట్ల మా టైం అయిపోతది," అన్నాడు.

పెదనాన్న కూర్చోలేదు. మీది ఏ మిషన్ అని అడిగారు. అతను, లేబర్ క్యాంప్ బస్సులో వచ్చామనీ మిషన్ల సంగతి తనకి తెలియదనీ చెప్పి, మళ్ళీ పాటలో పడిపోయాడు. ఇది గుడి కాదు, గది, అని తీర్పు చెప్పి పెదనాన్న బయటికి నడిచారు.

రెండో నంబరు మలయాళీలది. ఆయన దర్జాగా నడుమ దాకా నడిచి వెళ్ళి, పైకప్పు చూస్తూ నిలబడ్డారు. ఈలోపు వెనక జనం నిండిపోయారు. ఆ ప్రార్థన అంతా నిలబడే చేస్తారు, అది ఎప్పటికి తెములుతుందో అందులో పుట్టినవాళ్ళే చెప్పాలి. కదలడానికి లేదు, కూర్చోడానికి లేదు. ఆడవాళ్ళ వైపు నుంచి నేను చూస్తూనే ఉన్నాను, ఆ టోపీ మెల్లమెల్లగా కిందికి కుంగిపోతోంది. ఎలాగో బయటపడ్డాక నడుం పట్టుకుని, జనం ఎక్కువైతే వాస్తుశిల్పం కనబడదు అన్నారు. మా వాడు అవును పెదనాన్నా అని గంగిరెద్దులా తలూపాడు.

మూడోది ఆర్.సి.ఎం. వాళ్ళది. దాన్ని కాగితం మీద కావాలనే చివర పెట్టుకున్నారాయన. గేటు ముందు ఆగి మా ఇద్దరికీ ఒక హెచ్చరిక చేశారు. తను కట్టడం మాత్రమే చూస్తారట, పూజ చూడరట. మోకరించరు, శిలువ గుర్తు వేసుకోరు, తీర్థజలంలో వేలు ముంచరు. తన తాత ఆ కాలవ గట్టు మీద పోట్లాడింది ఇందుకు కాదట.

ఆ హాలు ఎంత పెద్దదో చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. లోపల పట్టని జనం బయట పందిళ్ళ కింద నిలబడి ఉన్నారు. పెదనాన్న పక్క తలుపులోంచి దూరి, చేతులు వెనక్కి కట్టుకుని, తల పైకెత్తి, దూలాలు చూసుకుంటూ ఒక్కో అడుగే వేస్తున్నారు. సరిగ్గా అప్పుడే సత్ప్రసాదం పంచడం మొదలైంది, ఫాదర్ నోటికందించే ఆ పల్చటి అప్పం ఆర్.సి.ఎం. వాళ్ళు తప్ప ఇంకెవరూ తీసుకోకూడదు. జనం ఒక్కసారి లేచారు. నడవలన్నీ లైన్లయిపోయాయి. భుజాన పట్టీలు వేసుకున్న వాలంటీర్లు చేతులూపుతూ జనాన్ని ముందుకి తోలుతున్నారు. పైకి చూస్తున్న మనిషికి కింద లైను ఎప్పుడు పుట్టిందో తెలియలేదు. తెలిసేసరికి ముందు ఇద్దరు, వెనక ఇరవై మంది. పక్కకి తప్పుకోబోతే పట్టీ వేసుకున్న ఒకమ్మాయి, ముందుకి నడవండి, ముందుకి నడవండి అంటూ సర్దింది.

నేనూ తమ్ముడూ గుమ్మంలోనే కొయ్యబారిపోయాం. ఆ పట్టీ వేసుకున్నది మా వాడు చేసుకుంటానన్న పిల్లే.

పెదనాన్న ఫాదర్ ముందుకి వచ్చేశారు. తాను లూథరన్‌నని చెప్పబోయారట, తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. చెప్పడానికి నోరు తెరిచారు. పొద్దుట్నుంచి వేల నోళ్ళు చూసిన ఫాదర్ తెరిచిన నోరు కనబడగానే నాలుక మీద పెట్టేశారు. అంతే. ఉమ్మేయలేరు, మా లూథరన్ పెంపకం అందుకు ఒప్పుకోదు. మింగలేరు, అదీ ఒప్పుకోదు. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డ మొహంతో పక్క తలుపులోంచి బయటికొచ్చి, ఒక స్తంభం నీడలో నిలబడి, కళ్ళు మూసుకుని మింగారు. నాకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పూజ అయ్యాక ఆ పిల్ల పట్టీ తీసేసి, నీళ్ళ సీసా పట్టుకుని మా దగ్గరికొచ్చింది. తమ్ముడు గొంతు సవరించుకుని, పెదనాన్నా ఈ అమ్మాయే, అన్నాడు. ఆయన గుర్తుపట్టలేదు. లైన్లో ఆయన చూసింది పట్టీని, మొహాన్ని కాదు. కాలేజీ గొంతు తెచ్చుకుని, ఇంట్లో తయారుచేసుకొచ్చిన ఉపన్యాసం అందుకున్నారు. మీ వాళ్ళ మీద మాకేం ద్వేషం లేదమ్మా, కానీ పద్ధతి అనేది ఒకటుంది, నువ్వు మా సంఘంలో చేరితే ప్రకటన నేనే దగ్గరుండి చదివిస్తాను, అంటూ సాగుతోంది.

"మామయ్యగారూ, ముందు నీళ్ళు తాగండి," అంది ఆ పిల్ల. "సత్ప్రసాదం అలవాటు లేనివాళ్ళకి గొంతుకి అంటుకుంటుంది."

మొదటి చూపులోనే మామయ్యగారూ అన్నదానికి అదిరారో, రెండో మాటకి అదిరారో తెలియదు, ఉపన్యాసం మాత్రం ఆగిపోయింది. నేను చెప్పేలోపే పెట్టేశారు, అని సణిగారు.

"లైన్లో నిలబడ్డవాళ్ళని నీది ఏ సంఘం అని ఫాదర్ అడగరండి. పొద్దుట్నుంచి ఇక్కడ ఆ మాట అడుగుతున్నది మీరొక్కరే. మా పంక్తిలో మీరే కలిశాక నేనింక ఎటు మారాలి?"

గొంతు పెంచకుండానే అంది. తర్వాత మా తమ్ముడి వైపు తిరిగి, నువ్వు చెప్పేదేమైనా ఉందా అని అడిగింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు భయం వేసింది. పెదనాన్న గురించి కాదు. మా వాడు మళ్ళీ అవును పెదనాన్నా అంటే ఆ పిల్ల ఆ నీళ్ళ సీసా అక్కడే పెట్టి వెళ్ళిపోతుంది, ఇంక రాదు. అది ఆమె మొహంలో కనబడుతోంది. వాడు నేల చూశాడు. పెదనాన్న టోపీ చూశాడు.

"పెదనాన్నా, ఆమె మారదు. ఆ మాట నాకు మొదట్నుంచీ తెలుసు, మీకే చెప్పలేదు," అన్నాడు. "పెళ్ళి కాలవ అవతల వాళ్ళ గుడిలోనే చేసుకుంటాను. మీకు ముందు వరసలో కుర్చీ వేయిస్తాను. మీరు రాకపోతే దాంట్లో ఇంకెవర్నీ కూర్చోనివ్వను."

ఆ మాట వింటే నాకు ఏడుపొచ్చింది. పెదనాన్న సీసా అందుకుని నీళ్ళు తాగారు. మా ఆయన వచ్చి ఎక్కించుకున్నాక అల్ ఖోర్ దాకా కారులో ఒక్క శతాబ్దం పేరు కూడా ఎత్తలేదు. ఇంటి దగ్గర దిగేటప్పుడు మాత్రం, ఆ విషయం ఊళ్ళో ఎవరికీ, అని ఆగారు. ఏ విషయం పెదనాన్నా, అన్నాను నేను. ఆయన నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళిపోయారు. ఆ గుట్టు మా చేతిలో ఉంది కాబట్టి పెళ్ళికి వస్తారని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ పిల్లని తర్వాత అడిగాను, లైన్లోకి కావాలనే తోశావా అని. అంత జనంలో ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది వదినా, అంది. ఆ టోపీ ఖతార్ మొత్తానికి ఒక్కటే ఉందని ఇద్దరికీ తెలుసు.

పెళ్ళి చలికాలంలో, కాలవ అవతల, రేకుల కప్పు గుడిలో జరిగింది. పెదనాన్న వచ్చారు, ముందు వరసలోనే కూర్చున్నారు, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. దోహా చర్చిల మీద అప్పటికే మా ఊళ్ళో రెండు ఉపన్యాసాలిచ్చారు, రెండింట్లోనూ యాత్ర మలయాళీల దగ్గరే ముగిసిపోయింది. సత్ప్రసాదం వేళయింది. మా వాడు లూథరన్, తీసుకోకూడదు గనక పీట మీదే ఉండిపోయాడు. మా వైపు బంధువులంతా బిగుసుకుని కూర్చున్నారు. మా వంశంలో దాని రుచి తెలిసినవాడు ఒక్క పెదనాన్నే. ఆయన తల పైకెత్తి రేకులు చూస్తున్నారు. పెళ్ళికూతురు ఫాదర్ దగ్గర్నుంచి వెనక్కి వస్తూ నావైపు చూసి, కళ్ళతో పక్కనున్న నీళ్ళ గ్లాసు చూపించింది. తీసుకెళ్ళి ఇచ్చాను. పెదనాన్న పైకప్పు మీంచి చూపు దించకుండానే గ్లాసు అందుకుని, చుక్క మిగల్చకుండా తాగేశారు.