త్రినాథరావు గారు అతికించిన డైనోసార్

జూబ్లీహిల్స్‌లో ఒక బొమ్మల దుకాణంలో త్రినాథరావు గారు డైనోసార్ పజిల్ పెట్టె ఒకటి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు. మూత ఊడింది. ముక్కలన్నీ నేలమీద పడ్డాయి, ఒక్కటి మాత్రం పక్కన నిలబడ్డ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పడింది. ఆయన నమస్కారం పెట్టి, "అమ్మా, మీ బ్యాగులో మా డైనోసార్ కాలు ఉందండీ" అన్నారు. ఆవిడ వెతికి ఇచ్చింది.

ఆయనకు అప్పటికే ఒళ్ళు మండి ఉంది. సినిమాలకు సెట్లు వేసే పని ఆయనది. యూసుఫ్‌గూడ నుంచి ఫిల్మ్‌నగర్‌కు తిరిగి తిరిగి జుట్టు నెరిసింది. కొడుకు అరవింద్ ఆన్‌లైన్‌లో తెప్పించిన వెయ్యి ముక్కల డైనోసార్‌ని చూసి ఐదేళ్ళ మనవరాలు హిమజ "నాకు రాదు తాతా" అని మొహం వేలాడేసింది. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. ఆ పిల్ల చేతే "నాకొచ్చు" అనిపించాలి, అంతే.

"ఇది ఫ్యామిలీ పజిల్ సార్" అంది కౌంటర్లో అమ్మాయి, ఇంకో పెట్టె చూపిస్తూ.

"ఫ్యామిలీ అంటే ఎవరమ్మా? అడవంతా ఒకటే ఆకుపచ్చ. పెద్దాళ్ళం కొట్టుకు చావాలి, పిల్ల నిద్రపోవాలి. దీనికి ఫ్యామిలీ అని పేరా?"

"చిన్నపిల్లలదైతే ఇది సార్, ఆరు ముక్కలే."

"కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. తర్వాత?"

ఆ అమ్మాయి ఓపికున్న మనిషి. చివరికి పెద్ద పెద్ద ముక్కలతో, ఒక్కో డైనోసార్ ఒక్కో రంగులో ఉన్నది దొరికింది. ఎరుపుది పిల్లకి, నీలంది కోడలికి అంటూ దుకాణంలోనే వాటాలు వేసేశారాయన.

ఆదివారం ఇంటిల్లిపాదీ నేలమీద కూర్చున్నారు. ఆఖరి ముక్క హిమజ పెట్టి, "నాకొచ్చు" అంది. అందరూ అన్నానికి లేచారు, త్రినాథరావు గారు లేవలేదు. సెట్టు మీద ఒకసారి కుదిరిన వస్తువు కదలకూడదు. ఆయన చేతులకు తెలిసింది అదే. ప్లైవుడ్ చెక్క తెచ్చి, ముక్కముక్కకీ జిగురు పూసి అతికించి, పైన వార్నిష్ కూడా కొట్టారు.

హిమజ చెయ్యి కడుక్కుని వచ్చి, "మళ్ళీ చేద్దాం తాతా" అని తోక లాగింది. రాలేదు. ఏడుపు అందుకుంది.

"గిదేం పని మామయ్యా?" అంది కోడలు వందన. ఆమె పుట్టిల్లు బోరబండ. "పజిలంటే ఇప్పాలె, మళ్ళ పెట్టాలె. మీరేంది, గోడకు కొట్టే ఫోటో లెక్క చేసిండ్రు?"

"నేను బిగించింది ఇంతవరకూ ఏ సినిమాలోనూ ఊడలేదమ్మా."

"ఊడాలనే కొన్నది గద."

"అయితే తప్పు నాదా? అతికించకూడదని పెట్టె మీద ఎక్కడైనా రాశారా?"

పెట్టెను అన్ని వైపులా తిప్పి చూపించారు. నిజంగానే రాయలేదు. ఆ కోపంతో అన్నం మానేశారు. పిల్ల వైపు మాత్రం చూడలేకపోయారు.

సాయంత్రం మళ్ళీ దుకాణానికి వెళ్ళి అదే పెట్టె అడిగారు.

"పాతది పోయిందా సార్?"

"పోలేదు. అదే గొడవ."

అప్పటి నుంచి హాలు మధ్యలో డైనోసార్లు లేస్తున్నాయి, కూలుతున్నాయి. ఒక్క ముక్క ముట్టుకోవాలన్నా తాత మనవరాలిని అడగాల్సిందే. ఒక పూట వందన చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది.

"మామయ్యా, ఇల్లంత ముక్కలే. కాలు పెట్టేతందుకు జాగ లేదు. జర ఎత్తుండ్రి."

త్రినాథరావు గారు తల ఎత్తకుండానే అన్నారు: "ప్యాకప్ చెప్పాల్సింది నీ కూతురమ్మా, నేను కాదు."