మనవైపు డాక్టరుగారు

మొన్న మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో, కొత్తగా దిగిన ఒక ఒడియా అమ్మాయి అడిగింది. చంటిదానికి జ్వరంగా ఉందనీ, దగ్గర్లో ఒడియా మాట్లాడే పిల్లల డాక్టరు ఎవరైనా ఉన్నారా అనీ. జ్వరానికి కూడా భాషేమిటని ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. పరాయి ఊళ్ళో చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని భయపడడం అంటే ఏమిటో ఆ పెద్దమనిషికి తెలిసుండదు.

యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకి మారినప్పుడు నాన్న ఆఫీసుతోపాటు మేమూ గుంటూరు వదిలి, నాంపల్లిలో ఒక ఇంటి వెనక భాగంలో అద్దెకి దిగాం. నాన్నకి ఏ పనికైనా మనవైపు మనిషే కావాలి. క్షవరానికి బషీర్‌బాగ్ దాకా సైకిలు తొక్కేవారు, మా సందు మొదట్లోని మంగలి తన షాపు గుమ్మంలో నిలబడి చూస్తుండగానే. డాక్టరుగారైతే తెనాలి ఆయన. "కడుపులో దేవుతోందండీ" అంటే చాలు, వికారమని ఆయనకి అర్థమైపోయేదని అమ్మకి గొప్ప ధీమా. ఇందులో ఒక చిక్కుందని మాకెవరికీ తట్టలేదు. బడులకి వేసవి సెలవులివ్వగానే మనవైపు వాళ్ళంతా ఒక్కసారే రైలెక్కి ఊళ్ళకి వెళ్ళిపోయేవారు. ఆ ఏడు చెల్లెలు ఎనిమిది నెలల పసిపిల్ల. ఎండకి ప్రయాణం పడదని మేం మాత్రం ఉండిపోయాం.

ఒక రోజు తెల్లవారుజామున మొదలైన వాంతులు, విరేచనాలు మధ్యాహ్నమైనా ఆగలేదు. చెల్లెలి కళ్ళు లోతుకి పోయాయి. ఏడుస్తోంది గానీ కన్నీళ్ళు రావడం లేదు. నాన్న డాక్టరుగారి కోసం సైకిలెక్కి వెళ్ళారు. ముందు భాగంలో ఉండే ఇంటావిడ నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి స్థిరపడినావిడ. మూడుసార్లు వచ్చి చూసి వెళ్ళింది.

"మొజంజాహీ మార్కెట్ కాడ డాక్టర్ సాబ్ ఉన్నడు చెల్లె. మా పిల్లలకు గాయననే సూస్తడు. జల్ది పోదాం పా."

"ఆయన తీసుకొస్తారు అక్కయ్యగారూ. ఉర్దూలో నేనేం చెప్పుకోగలను? ఒకటి చెబితే ఇంకోటి అనుకుని మందిస్తే?" అంది అమ్మ.

నేను గుమ్మం దగ్గరికీ చెల్లెలి దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను. తొమ్మిదేళ్ళ నాకు కూడా అది పోతుందేమోనని అనిపిస్తూనే ఉంది. చివరికి రెండు గంటల తర్వాత నాన్న ఒక్కరే వచ్చారు, చొక్కా తడిసి ముద్దై. తెనాలి డాక్టరుగారి ఇంటికి తాళం. ఆబిడ్స్‌లో గుంటూరాయన ఎవరో ఉన్నారంటే అక్కడికీ వెళ్ళారట. ఆయనా ఊళ్ళో లేరు. బేగం బజార్ అవతల ఇంకొకాయన ఉన్నారంటూ మళ్ళీ సైకిలు తిప్పబోయారు.

"ఇగ చాలు సారూ," అంది ఇంటావిడ. అమ్మ ఒళ్ళోంచి పిల్లని తీసుకుని రిక్షా వైపు నడిచేసింది. అమ్మా నేనూ వెనకాల పరిగెత్తాం.

ఆ డాక్టరు ఉర్దూలో ఏదో అడిగాడు. అమ్మ ఏడుస్తూ జరిగిందంతా మా గుంటూరు తెలుగులో ఏకరువు పెట్టింది. ఆయన అమ్మ వైపు చూడనే లేదు. చెల్లెలి పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలాడు. ఒంట్లో నీరు లేక అది అలాగే నిలబడిపోయింది. వెంటనే రెండు తొడలకీ సూదులు గుచ్చి సెలైన్ ఎక్కించాడు. సాయంత్రానికి ఒంటికి నీరు పట్టి, చెల్లెలు ఉచ్చ పోసి ఆయన బల్లంతా తడిపేస్తే, అమ్మ సిగ్గుపడబోయి, ఆయన నవ్వడం చూసి భోరుమంది.

సెలవులయ్యాక తెనాలి డాక్టరుగారు విషయం విని చిన్నబుచ్చుకున్నారు. "ముక్కూ మొహం తెలియని డాక్టరు దగ్గరికి పోవడమేమిటండీ? కాస్త ఆగి, నాకో టెలిగ్రాం కొట్టకపోయారా?" అన్నారు.

"ఆగాం డాక్టరుగారూ. రెండు గంటలు ఆగాం," అన్నారు నాన్న.

చెల్లెలికి ఇప్పుడు అరవై దాటి, మనవలు కూడా పుట్టారు. నాన్న మాత్రం పోయేదాకా, అది కాస్త దగ్గినా చాలు, చేస్తున్న పని వదిలేసి లేచి నిలబడేవారు. అన్నేళ్ళు గడిచినా ఆయనకి ఆ రెండు గంటలు మాత్రం గడవలేదు.