బైండింగ్ మామ కలిపిన పొగాకు

మా పేట పఠనాలయం కమిటీవారు బైండింగ్ మామకు సంతాపసభ జరుపుకోవడానికి హాలు ఇవ్వం పొమ్మన్నారు. ఈ పని చేసిందెవరో చాటున గొణుక్కోవడం నాకు చేతకాదు. చేసింది అధ్యక్షులవారు. పక్కన కూర్చున్న సభ్యులు తలలూపారు. "పుస్తకాలు కుట్టుకునే సాయిబుకి సభేమిటయ్యా? అందులోనూ హాల్లో మిరపకాయ పొగ పెట్టిన మనిషికి!" అన్నారు అధ్యక్షులవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మోచేయి ఆనుకుని ఉన్నది మామ కుట్టిన పుస్తకం మీదే.

మామ పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. రైతుల సభ ఉందని రొంపిచెర్ల వెళ్లి అక్కడే ఉండిపోయాను. తిరిగి వచ్చి నరసరావుపేటలో బస్సు దిగీ దిగకముందే జట్కా తోలే ఆయన ఎదురొచ్చాడు.

"ఏందయ్యా, ఇప్పుడా రావడం? మీ బైండింగ్ మామ నిన్న పొద్దున పోయాడు. జొరం తలకెక్కిందంట. మట్టి కూడా ఇచ్చేశారు."

అందరూ తలా గుప్పెడు మట్టి ఇస్తున్న వేళకు నేను రొంపిచెర్లలో బల్ల గుద్ది ఉపన్యాసం ఇస్తున్నాను. నా గుప్పెడు అట్లాగే మిగిలిపోయింది.

ఆయన నాకు వరసకు మామ కాడు. మా వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన మామే. ముందు గదిలో అంగడి, వెనక రెండు గదుల్లో కాపురం. కోర్టు కాగితాలు, బడి పుస్తకాలు, షావుకార్ల పంచాంగాలు, ఏవి తెచ్చినా కుట్టి అట్టలు వేసి ఇచ్చేవాడు. నేను బెజవాడ నుంచీ మద్రాసు నుంచీ తెప్పించుకున్న చిన్న చిన్న కరపత్రాలు ఒళ్లో పోసుకుని వెళ్తే, ఒక్కొక్క పేరూ కూడబలుక్కుని చదివి నవ్వేవాడు. "ఒరేయ్, ఇయ్యన్నీ ఒక్క అట్టలో పెట్టి కుడితే లోపల్లోపలే కొట్టుకు చస్తయ్యిరా" అనేవాడు. అన్నా కుట్టేవాడు. అవి ఇప్పటికీ కొట్టుకోకుండానే ఉన్నాయి.

అట్లాంటి కరపత్రం ఒకదాని మీద, గడ్డం పెంచుకున్న ఎవరో మహానుభావుడు నోట్లో పైపు పెట్టుకుని దూరంగా చూస్తున్న బొమ్మ ఉంది. ఆ చూపు నన్ను పట్టుకుంది. లోకంలోని అన్యాయాన్ని అంత తదేకంగా చూడాలంటే పైపు ఉండి తీరాలనిపించింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి ఒకడు తన పైపు అమ్మితే కొనుక్కున్నాను. పైపైతే వచ్చింది గాని, అందులో వెయ్యడానికి పొగాకేది? గుంటూరులో సీమ డబ్బాలు ఉంటాయన్నారు. ఇంగ్లీషువాడి పొగాకు ముట్టనని నేను ఒట్టు పెట్టుకున్నాను. అందుకని లంక పొగాకు చుట్ట ఒకటి తెచ్చి, నలిపి, పైపులో గట్టిగా కూరి, మామ అంగడి అరుగు మీద కూర్చుని బలంగా దమ్ము లాగాను.

వీధి వీధంతా ఒక్కసారి పక్కకు ఒరిగింది. ఎక్కిళ్లు మొదలయ్యాయి. మామ లోపలికి కేకేశాడు: "ఏమే, ఒక ముంతెడు మజ్జిగ తే, మన విప్లవం పడిపోయింది!" మజ్జిగ తాగించి, నా తల గోడకు ఆనించి, అప్పుడు అడిగాడు.

"డబ్బా పొగాకు తెప్పించుకోరాదూ?"

"ఇంగ్లీషువాడిది నేను ముట్టను మామా."

"మరి పైపెవుడిదిరా? మీ తాతదా?"

నాకు ఒళ్లు మండింది. లేచి రెండడుగులు వేసి, తల తిరిగి మళ్లీ వచ్చి అక్కడే కూర్చున్నాను. మామ నవ్వలేదు. పైపు తీసుకుని, బోర్లించి, గోరుతో గీకి వాసన చూశాడు. "సర్లే. మన చుట్టూతా పండేదంతా పొగాకేగా. ఇన్ని చేలల్లో నీ నోటికి పడేది ఎక్కడో ఒకచోట ఉండకపోద్దా? ఎతుకుదాం" అన్నాడు. ఆయన అప్పటిదాకా బీడీ తప్ప ఎరగడు. పైపు విషయంలో నేనెంత కొత్తో ఆయనా అంతే కొత్త. అయినా "ఎతుకుదాం" అన్నాడు. నా జీవితంలో ఆ మాట అన్న పెద్దమనిషి ఆయనొక్కడే. తక్కినవాళ్లంతా "వద్దు" అన్నవాళ్లే.

కొత్తగా పైపు పట్టినవాడి బాధలు పట్టినవాడికే తెలుస్తాయి. చిలకలూరిపేట వైపు పొగాకు మగ్గబెట్టే బ్యారన్ కొట్టాల్లో కాల్చిన పసుపుపచ్చటి ఆకు తెచ్చాం. చూడ్డానికి బంగారం, పైపులో వేస్తే గడ్డి. భగ్గున అంటుకుని నాలుక పొక్కిపోయింది. నాలుక మండకుండా నాటు ఆకు కలిపాం. మంట తగ్గింది గాని తల తిరుగుడు మళ్లీ వచ్చింది. ఘాటు చావడానికి బెల్లం నీళ్లు చల్లాం. ఆకు తడిసి, ఎన్ని పుల్లలు గీసినా అంటుకోలేదు. ఆరబెడితే పొడి అయింది. చక్కెరే దొరకని రోజుల్లో మేము బెల్లం ఇట్లా తగలేస్తుంటే అత్త ఊరుకుంటుందా?

"ఏందయ్యా మీ ఇద్దరికీ ఈ పిచ్చి? చీమలు బారులు తీరి వచ్చినయ్. వాటికి పెళ్లి చేస్తన్నారా?"

"చేస్తన్నాం. మేళం నువ్వేగా" అన్నాడు మామ.

అత్త గిన్నె విసిరినంత చప్పుడు చేసి లోపలికి పోయింది. మర్నాడు మేము అడగకముందే గడప మీద బెల్లంగడ్డ పెట్టి ఉంది.

ప్రెస్సు ఉపాయం మామకే తట్టింది. కుట్టిన పుస్తకాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి, మీద ఇనుప మర తిప్పి బిగించే ప్రెస్సు ఆయన అంగడిలో ఉంది. ఆకుల ఈనెలు తీసి, పలచటి బెల్లం నీళ్లు చిలకరించి, ఆకు మీద ఆకు పేర్చి, పుస్తకం బిగించినట్టే బిగించాడు. రోజూ పొద్దున్నే మర ఒక రవ్వ తిప్పేవాడు. "ఇయ్యాళ తీద్దాం మామా" అని నేను ఎగిరితే, "తొందరపెడితే పుస్తకమైనా ఆకైనా వంకర పోద్ది. కూచో" అనేవాడు. తీసిన తరవాత, అట్టల అంచులు చెక్కే కత్తితోనే ఆ దిమ్మను సన్నగా తరిగేవాడు. అది కోస్తుంటే కాగితం కోసిన చప్పుడే వచ్చేది.

అట్లా ఎన్నిసార్లు చేశామో. కొన్నిసార్లు ఫరవాలేదనిపించింది, కొన్నిసార్లు పారబోశాం. ఒకసారి వానాకాలంలో ఆకు ప్రెస్సులో ఉండగా, బెల్లంకొండలో ఉన్న కూతురికి పురుడొచ్చిందని మామా అత్తా అంగడి మూసి వెళ్లిపోయారు. తిరిగొచ్చి మర విప్పితే ఆకు నల్లటి తోలులా ఉంది. వాసన చూసి ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎండిన రేగుపళ్లను, కొత్త చెప్పుల జతను ఒకే సంచిలో పెట్టినట్టుంది. పైపులో వేసి అంటించాను. నాలుక మండలేదు, తల తిరగలేదు, ఆరిపోలేదు. నేను కాసేపు పీల్చి ఆయన చేతికిచ్చాను. అరుగు మీద వాన జల్లు పడుతోంది. ఎప్పుడూ ఏదో ఒకటి వాదించే నేను, ఎప్పుడూ ఏదో ఒకటి అనే ఆయన, పైపు చల్లారేదాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు.

అట్లాంటి పొగాకు మళ్లీ కుదరలేదు. అదే ఆకు, అదే బెల్లం, అంతకాలమే బిగింపు. అయినా రాలేదు. "ఒకసారి వచ్చింది రెండోసారీ రావాలి మామా, శాస్త్రమంటే అదే" అని నేను కసిరితే ఆయన ప్రెస్సు తుడుచుకుంటూ అన్నాడు: "నీ శాస్త్రం సంగతి నాకు తెలీదురా. కుదిరిన్నాడు కడుపునిండా తాగామా లేదా? ఆ మాట చెప్పు."

తాగాం మామా. ఇప్పటికీ వాన వస్తే ఆ వాసన కోసం ముక్కు వెతుక్కుంటుంది.

ఇక మిరపకాయ సంగతి. అధ్యక్షులవారు దాన్ని కుట్ర అంటున్నారు గనక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆ రోజు పఠనాలయం సాలీనా సమావేశం. మామ కొత్తగా కుట్టిన పుస్తకాలు అప్పజెప్పడానికి వచ్చి, వెనక బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. ముందురోజు తరిగిన పొగాకు పొట్లం నా చేతిలో పెట్టాడు. గోనెలు దొరకని కాలం. ఇంట్లో ఖాళీగా ఉన్న సంచి దులిపి అందులో పోసి ఉంచాడు. అది అత్త పచ్చడి కారానికి ఎండుమిరపకాయలు తెచ్చిన సంచి. మా వైపు ఏ ఇంట్లో ఏ సంచి చూసినా అదే బతుకు. అధ్యక్షులవారు క్రమశిక్షణ గురించి మాట్లాడుతున్నారు. నేను పైపు అంటించాను.

మొదట ముందు వరసలో ఒకాయన తుమ్మారు. తరవాత కార్యదర్శిగారు. "ఎవరి కొంపలోరా తాలింపు మాడింది?" అని ఎవరో అరిచారు. అంతలో హాలంతా దగ్గు. అధ్యక్షులవారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, క్రమశిక్షణ మధ్యలోనే, అందరికంటే ముందు బయటపడ్డారు. వీధిలో నిలబడి మామ కళ్లు తుడుచుకుంటున్నాడు. "అరె, మన పేటోళ్లు పొగాకు కలిపితే కారం పడకుండా ఎట్టా ఉంటదిరా!" అని నవ్వుతున్నాడు. నవ్వింది ఆయనొక్కడే.

ఆ వారమే పఠనాలయం పని ఆయన నుంచి తీసేసి గుంటూరు వాళ్లకిచ్చారు. మామను గుమ్మం తొక్కవద్దన్నారు. నన్ను మాత్రం ఏమీ అనలేదు. పైపు అంటించింది నేనని అందరికీ తెలుసు. నా ఇంటిపేరు చూసి ఊరుకున్నారు. అధ్యక్షులవారూ, కుట్ర ఇది కాదా?

ఆ పైన మామ ఒక్కనాడు కూడా వాళ్లను తిట్టలేదు. నేను తిడుతుంటే కుట్టు సూది ఆపి వినేవాడు, అంతే. ఆయనకు వేరే బెంగ ఉండేది. రోజూ సాయంత్రం నేను పఠనాలయం నుంచి వస్తుంటే దారికి ఎదురొచ్చి అడిగేవాడు.

"ఎట్టా ఉన్నయ్యిరా మన పుస్తకాలు? మూడో అరలో భారతం రెండో భాగం వెన్ను లేస్తన్నట్టుండె. ఎవరన్నా చూశారా?"

"వాళ్లు గుమ్మం తొక్కవద్దంటే నీకెందుకు మామా? ఊడనీ!"

"వాళ్ల పుస్తకమేందిరా అది? చదివేటోడిది" అనేవాడు. ఒకరోజు నేనే ఆ పుస్తకం తెచ్చి ఇచ్చాను. చేతులు కడుక్కుని వచ్చి తీసుకున్నాడు. చాలాసేపు కుట్టలేదు. ఒళ్లో పెట్టుకుని పేజీలు తిరగేస్తూ కూర్చున్నాడు. ఆయన తెలుగు కూడబలుక్కునే చదివేవాడు, కాని ఆ సాయంత్రం చదవడం లేదు. చూసుకుంటున్నాడు. బెల్లంకొండలో ఉన్న కూతుర్ని తలుచుకునేటప్పుడు ఆయన ముఖం అట్లాగే ఉండేది.

కమిటీవారు హాలు ఇవ్వం పొమ్మన్నాక నాకు కోపం నషాళానికి అంటింది. సరే, వాళ్ల మెట్ల మీదే సభ పెడదాం, లోపల కూర్చున్నవాళ్లకు చెవులు చిల్లులు పడేట్టు మాట్లాడదాం అని మిత్రులం అనుకున్నాం. ఆ సంగతి చెబుదామని అత్త దగ్గరికి వెళ్లాను. తలుపుకు దుప్పటి కట్టి ఉంది. అత్త దాని వెనక నుంచే మాట్లాడింది.

"మెట్ల మీద పెడితే నేనెట్టా వినేదిరా? మొగుడు పోయినాక మాలో ఆడది నాలుగు నెలలు పైబడి గడప దాటకూడదు గదా."

నేను దుప్పటికి దగ్గరగా జరిగి కూర్చున్నాను.

"వినని వాళ్ల చెవులు మీకెందుకు? వినేదాని చెవిన పడేట్టు మాట్లాడండి. ఆయన్ని గురించి బయట నలుగురూ ఏమనుకునేవాళ్లో నాకేం తెలుసు? ఇంట్లో తిట్టడమే గాని నేనెప్పుడన్నా విన్నానా?"

అందుకని మెట్ల సంగతి వదిలేశాను. సభ మామ ఇంటిముందు వీధిలోనే జరుగుతుంది. చాపలు మేము పరుస్తాం. ఆయన దగ్గర ఒక్క పుస్తకమైనా కుట్టించుకున్నవారు రండి. ఆయన మాటకు ఒక్కసారైనా నవ్వినవారు రండి. అధ్యక్షులవారూ రావచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. ఉపన్యాసాలు వద్దు. తలా ఒక ముచ్చట చెప్పండి చాలు. వీధివైపు కాదు, తలుపువైపు తిరిగి చెప్పండి. దుప్పటి వెనక ఒక మనిషి కూర్చుని ఉంటుంది, కాస్త గట్టిగా చెప్పండి.

ఆదివారం సాయంత్రం, అయిదు గంటలకు.