ఆరు కొమ్ముల వైఫై

ఆ రోజుల్లో అంటే మా తాతల కాలం అనుకోకండి. మా పుంగనూరు వీధుల్లోకి కేబులాయన ఇంటర్నెట్ తీగ లాగిన కొత్తలో సంగతి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు. కుప్పంలో హాస్టల్ సాంబారు తాగుతూ నాలుగేళ్ళు ఎలక్ట్రానిక్స్ చదివాను. అందులో యాంటెన్నాల పేపరు కూడా ఉంది (రెండోసారికి పాసయ్యాననుకోండి, అది వేరే విషయం). బెంగుళూరు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇంట్లోంచే పని చేసుకోవచ్చన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. నేను కూర్చునే గదిలో నెట్ ఎంత వేగంగా వస్తుందో సోమవారంలోగా ఫోటో తీసి పంపాలి. లేదంటే బెంగుళూరు వచ్చి చేరాలి. ఆ మాట వినగానే మా అమ్మ "బెంగుళూరు పోవాలంటే ఆ ఉద్యోగమే వద్దు" అని తేల్చేసింది. ఇక నా బతుకంతా ఒక వైఫై డబ్బా చేతిలో పడింది.

ఆ డబ్బాను ఎంచే పెత్తనం ఎవరికిచ్చారో తెలుసా? యాంటెన్నాలు చదివిన నాకు కాదు, మా మామకు! అమ్మకు అన్న. పుంగనూరు సంతలో పశువుల బేరాలు కుదిర్చే మనిషి. "వస్తువు ఎంచేదాంట్లో మీ మామను మించినోడు యాడుండాడు?" అంది అమ్మ. శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి మదనపల్లెకు పోయాం. అంగట్లో మామ ఒక్కో డబ్బానూ అటూ ఇటూ తిప్పి, వీపు నిమిరి, "దీనికి కొమ్ములు ఎన్నుండాయప్పా?" అన్నాడు. "నాలుగన్నా" అన్నాడు అంగడాయన. "ఆరుండేది లేదా?" నాకు తల కొట్టేసినట్టయింది. "అవి కొమ్ములు కాదు మామా, యాంటెన్నాలు" అంటే "నువ్వుండమ్మీ" అన్నాడు. పోనీ, ఆ అంగడాయనకైనా బుద్ధి ఉండొద్దా? "ఇది డ్యూయల్ బ్యాండేనా?" అని నేనడిగితే, మామ వైపు తిరిగి "డ్యూయల్ బ్యాండే అన్నా" అంటాడు! "లోపలి గదికి అందుతుందా?" అంటే మళ్ళీ మామతోనే, "ఇంటికంతా వస్తాదన్నా." అడిగేది నేనైతే జవాబు మీసాలకా? చివరికి మామ భుజం మీది తువ్వాలు తీసి అంగడాయన చేతి మీద కప్పి, సంతలో పశువుల ధర చెప్పినట్టే నోటితో చెప్పకుండా కింద వేళ్ళు నొక్కి బేరం మొదలుపెట్టాడు. అంగడాయన అదిరిపడి చెయ్యి లాక్కున్నాడు. నేను సిగ్గుతో వెళ్ళి మిక్సీల వెనక నిలబడ్డాను.

ఆరు కొమ్ములది ఇంటికొచ్చింది. అమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టింది (ఒక కొమ్ముకు కనకాంబరాలు కూడా). వసారాలో పెడితే ఎదురింటి వాళ్ళకు కూడా బ్రహ్మాండంగా వచ్చింది. నా గదిలో ఒక్క గీత లేదు. మాది పాతకాలపు రాతి గోడల ఇల్లు. "కొమ్ములన్నీ నీ గది పక్కకే తిప్పినా గదమ్మీ, యాల రాదు?" అని మామ నిజంగానే బాధపడ్డాడు. నాకిక ఆగలేదు. "నాలుగేళ్ళు చదివింది నేను, పని చేసేది నేను, పోయేది నా ఉద్యోగం! ఒక్కరైనా నన్నడిగారా?" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచి, ఆపైన ఏడ్చాను. మర్నాడు పొద్దున్నే మామ డబ్బాకున్న పసుపూ కుంకుమా తుడిచి, సంచిలో పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. "పదమ్మీ. ఈ పొద్దు అంగట్లో నేను నోరు తెరిస్తే ఒట్టు."

అన్నంత పనీ చేశాడు. "అడిగేది ఆ యమ్మిని అడుగప్పా" అని ఒక్క మాట చెప్పి, బెంచీ మీద కూర్చుని, తువ్వాలు ఒళ్ళో వేసుకుని మూతి బిగించాడు. అంగడాయన మొదటిసారి నా వైపు తిరిగాడు. "చెప్పండి మేడమ్. మీ గది గోడ ఎంత మందం?"

తరంగాలు, సూత్రాలు, చదివిందంతా గుర్తొచ్చింది గానీ, చిన్నప్పట్నుంచీ వీపు ఆనించి కూర్చున్న గోడ మందం తెలియదు! దిక్కుతోచక వెళ్ళి మామ పక్కన కూలబడ్డాను. ఆయన మాట్లాడడు, ఒట్టు కదా. నా చెయ్యి తువ్వాలు కిందికి లాక్కుని మోచేతి దగ్గర ఒకసారి నొక్కాడు, నడిమి వేలి కొస దగ్గర ఇంకోసారి నొక్కాడు. "మూరెడు!" అన్నాను గట్టిగా, పుట్టినప్పట్నుంచీ నాకు తెలిసినట్టు. "మూరెడు రాయంటే ఎన్ని యాంటెన్నాలున్నా దాటదు మేడమ్. వైరు లాగి, లోపల ఇంకొకటి పెట్టుకోవాల" అని ఆయన నాలుగు కొమ్ములదీ రెండు కొమ్ములదీ నా ముందు పెట్టాడు. తువ్వాలు కింద మామ నా వేళ్ళు రెండు నొక్కాడు. "రెండు కొమ్ములది" అన్నాను. ఆరు కొమ్ములది వెనక్కి ఇచ్చేసి, అలాంటి చిన్నవి రెండూ, ఒక చుట్ట వైరూ తెచ్చుకున్నాం. గోడలో పాత కుళాయి పైపు పోయిన కంత ఎక్కడుందో కూడా మామకే తెలుసు. ఆదివారం మధ్యాహ్నానికి ఫోటో పంపించాను. ఉద్యోగం నిలబడింది.

ఇప్పుడు చుట్టాలందరూ ఏ వైఫై కొనాలో నన్నే అడుగుతారు. నేను మొదట గోడ ఎన్ని మూరలో అడుగుతాను, వాళ్ళు నవ్వుతారు. మామ ఇప్పటికీ సంతలో కనబడిన వాళ్ళకల్లా చెబుతాడట: "మా మేనకోడలుండాదే, అంగడోడు గోడ మందం అడిగితే టక్కున చెప్పేసినాది. డబ్బా కూడా ఆ యమ్మే ఎంచినాది, నన్ను ఒక్క మాట అడగల్యా!" నన్నెవరూ అడగలేదని అంత రభస చేసినదాన్ని కదా, ఆ మాట వచ్చినప్పుడల్లా తల దించుకుని నవ్వుకుంటాను. అది అబద్ధమని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.