చెయ్యెత్తే ఉపేంద్ర, తిట్టే దాలమ్మ

మా ఊరి కబడ్డీ జట్టు ఓడిపోతే రిఫరీని తిట్టేవాళ్ళున్నారు, అవతలి ఊరిని తిట్టేవాళ్ళున్నారు. దాలమ్మ మాత్రం మా ఉపేంద్రనే తిట్టేది. కోటబొమ్మాళి సంతలో కూరగాయలు అమ్ముకునే మనిషి. ఆట ఉందంటే చాలు, మిగిలిన వంకాయలు అడిగిన ధరకి ఇచ్చేసి ఆటో ఎక్కేసేది. జనాన్ని మోచేతులతో తోసుకొచ్చి కోర్టు గీత పక్కనే కూర్చునేది. ఆ నోటికి జడిసి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

ఆవిడ కోపంలో తప్పేం లేదు. కూతకొచ్చినవాడి వేలి కొస తగిలితే చాలు, రిఫరీ చూడకపోయినా సరే, ఉపేంద్ర తనంతట తనే చెయ్యెత్తి బయటికి నడిచేసేవాడు. పాయింటు అవతలివాళ్ళకి పోయేది.

"నీ దుంప తెగ! రిఫరీ గుడ్డోడైతే నీకేటి నొప్పిరా? సెయ్యి దించుకుని, నోరు మూసుకుని నిలబడనేవా?" అని అరిచేది దాలమ్మ.

"తగిలింది కదత్తా," అనేవాడు వాడు. ఎప్పుడూ అదే మాట. వినీ వినీ మాకూ ఒళ్ళు మండేది. నేనూ తిట్టాను, ఎందుకు దాచడం?

దాలమ్మ ఒక్కగానొక్క కొడుకు ధనరాజు కూడా మా జట్టే. వాడు కూతకెళ్తే అవతలివాళ్ళు వణికేవారు. పెద్ద జట్టులోకి పోతాడని ఊరంతా అనుకునేది, తల్లి మరీను.

కిందటేడు అమ్మవారి సంబరంలో పక్కూరితో ఫైనల్ పడింది. ధనరాజు కూతకెళ్ళాడు. నడిమి గీత దగ్గర ఒక కుర్రాడు వాడి కాలు పట్టుకున్నాడు. ధనరాజు రెండో కాలు తీసి ఆ కుర్రాడి మూతి మీద తన్నాడు. పళ్ళూడి రక్తం కారింది. ఆ దుమ్ములో రిఫరీకి ఏదీ సరిగ్గా కనపడలేదు. పక్కూరి వాళ్ళంతా కర్రలతో వచ్చి ధనరాజుని చుట్టుముట్టారు. కావాలని తన్నినవాడిని చుట్టుపక్కల ఏ కోర్టులోనూ దిగనివ్వకూడదని పోటీలు నడిపే కమిటీ కట్టడి. కొట్టడం తర్వాత సంగతి, ముందు వాడి ఆట పోతుంది.

పక్కూరి జట్టు పెద్ద అసిరయ్య తన వాళ్ళని ఆపాడు. "ఆగండ్రా! ఉపేంద్ర దగ్గిరే ఉన్నాడు గదా, ఆడు సెప్తాడు. ఆడు అబద్దమాడడు."

ఉపేంద్ర దాలమ్మ వైపు చూశాడు. దాలమ్మ రెండు చేతులూ జోడించింది.

"కాలు జారింది. కావాలని కాదు," అన్నాడు వాడు.

అంతే, కర్రలు దిగిపోయాయి. మర్నాడు దాలమ్మ కోడికూర వండి వాడింటికి పంపింది. గిన్నె మూత తియ్యకుండానే తిరిగొచ్చింది.

ఈ ఏడు మళ్ళీ అదే ఫైనల్, అదే పక్కూరు. వాళ్ళవాడు కూతకొచ్చి ఉపేంద్ర తొడ మీద చరిచాడు. చప్పుడు మా అందరికీ వినపడింది, రిఫరీకి తప్ప. ఉపేంద్ర కదల్లేదు. చెయ్యి ఎత్తలేదు. మేం ఈలలేశాం. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది వెధవకి!

దాలమ్మ లేచి నిలబడింది. "ఒరే, తగిలిందిరా! సెయ్యెత్తు!"

దీనికి పిచ్చిగానీ పట్టిందా అనుకున్నాం.

ఉపేంద్ర తలెత్తకుండానే అన్నాడు: "ఆ దినం అబద్దమాడేసినాను కదత్తా. ఇప్పుడెత్తితే ఏటి, ఎత్తకపోతే ఏటి?"

దాలమ్మ గీత దాటి కోర్టులోకి వచ్చేసింది. రిఫరీ ఈల ఊదుతున్నా లెక్కచెయ్యకుండా తిన్నగా అసిరయ్య ముందుకెళ్ళి నిలబడింది.

"పోయినేడు మావోడు కావాలనే తన్నాడు. నా కళ్ళతో సూసినాను. ఈ గుంటడు నా మొకం సూసి అబద్దమాడినాడు."

"అమ్మా!" అని అరిచాడు ధనరాజు.

"నోర్ముయ్! బయటికి నడు!" అంది. తర్వాత ఉపేంద్ర వైపు తిరిగింది. "ఇప్పుడెత్తరా, ఎదవా!"

వాడు ఎత్తాడు. ఏడుస్తూ బయటికి నడిచాడు. ధనరాజు చొక్కా భుజాన వేసుకుని, తల్లి మొహం చూడకుండా పక్కనుంచే వెళ్ళిపోయాడు. వాడిని మళ్ళీ ఏ కోర్టులోనూ దిగనివ్వలేదు.

ఆట ఓడిపోయాం. నేను కడుపుమంట ఆపుకోలేకపోయాను. "కన్నకొడుకు నోట్లో మట్టి కొట్టేసినావు కదే, దాలమ్మా!" అని అరిచాను.

"కొట్టినాను," అంది ఆవిడ. "ఏడాదినుంచీ ఆ గుంటడి నోట్లో కొట్టినాను. అప్పుడు అరవనేదేటి నువ్వు?"